సముద్రంలో నీటి లెక్క

ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, తెరచాప పడవ మీద భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి బ్రిటిష్ నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. 1968 జూన్ 14న బయలుదేరి 1969 ఏప్రిల్ 22న తిరిగివచ్చారు. ఆయన పడవ 'సుహైలీ' పొడవు 32 అడుగులే. అది మన బొంబాయిలో టేకు కర్రతో తయారయింది.

అందరూ ఆయన సాహసాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కాని పిల్లలూ, అంతకంటె మెచ్చుకోవలసింది ఆయన నీటి పొదుపు అని నా అభిప్రాయం.

దక్షిణ సముద్రంలో తుపాను తాకిడికి పడవ పక్కకు ఒరిగిపోయింది. తరువాత చూస్తే, తొట్టెలలోని మంచినీరు పాడైపోయింది. సముద్రపు నీరు తాగవచ్చు కదా అంటారేమో! లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు ఆ ఉప్పును బయటికి పంపాలంటే, తాగినదానికంటె ఎక్కువ నీరు ఖర్చవుతుంది. దాహం తీరదు సరికదా, ప్రాణానికే ముప్పు. అందుకని ఆయన తెరచాప మీద నుంచి జారే వాననీటిని పట్టి నిలవ చేసుకున్నారు. మళ్ళీ వాన ఎప్పుడో తెలియదు గనక ప్రతి గ్లాసూ లెక్కే.

ఉప్పును వేరుచేసే యంత్రాలు ఇప్పుడు పడవలలోనూ ఉన్నాయి. కాని వాటిలో చాలావాటికి విద్యుత్తు కావాలి. అవి చెడిపోతే మళ్ళీ వానే దిక్కు.

మన ఊరి చెరువూ, బావీ కూడా వాన నింపే తొట్టెలే. కొళాయి తిప్పగానే నీరు వస్తుంది గనక మనకు ఆ సంగతి గుర్తుండదు. సాహసగాథ చదివి చప్పట్లు కొడితే చాలదు. ఒక్కరోజు మీ ఇంట్లో ఎన్ని బిందెల నీరు ఖర్చయిందో, అందులో తాగినది ఎంతో రాసి చూడండి. ఆ నావికుడి లెక్క మీకే అర్థమవుతుంది.