గుడారం అద్దె బస్తా ధాన్యం

మొన్న మాఘంలో మా పెళ్లయి ఇరవై రెండేళ్లు నిండాయి. ఈ ముచ్చట వ్యవసాయం పేజీలో దేనికయ్యా అని పాఠకులు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టి చదవండి, రైతు సంగతే చెబుతున్నాను.

మాది తెనాలికీ రేపల్లెకీ మధ్య ఊరు. ఎకరం డెబ్బై సెంట్లు సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. విలేకరి పని పేరు చెప్పుకుని నేను ఊళ్లు తిరుగుతుంటే పొలం చూసేది మా ఆవిడే. నాట్లకు కూలీలను పిలిచేదీ, కాలవ వంతు వచ్చినప్పుడు రాత్రిపూట మడవ తిప్పేదీ ఆమే. ఇన్నేళ్లలో ఆమె సముద్రం చూసింది ఒక్కసారి. కార్తీక పౌర్ణమికి ఊరి ఆడవాళ్లతో కలిసి ట్రాక్టరులో సూర్యలంక వెళ్లి, ఆ జనంలోనే మూడు మునకలు వేసి, మధ్యాహ్నానికల్లా కోత దగ్గర ఉంది. సముద్రం ఎలా ఉందని అడిగితే, "జనం కనిపించారండీ, సముద్రం సరిగ్గా కనపళ్లేదు" అంది.

నిజానికి మన డెల్టా రైతుకు సముద్రం గుర్తొచ్చేది వాయుగుండం వార్త చెప్పినప్పుడే. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతులు మా నాన్న చెబుతుంటే విని పెరిగినవాణ్ణి నేను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న చేలు నీళ్లలో నాని మొలకలెత్తిన సంగతి ఈ పేజీ చదివే చాలామందికి నేను చెప్పాల్సిన పని లేదు. సముద్రం అంటే నష్టం అనే లెక్క మన బుర్రల్లో పాతుకుపోయింది. అక్కడికి సరదాగా వెళ్లేది ఉద్యోగస్తులు, హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్లు అనుకుంటాం.

ఈసారి మా అబ్బాయి ఫోనులో చూసి, సూర్యలంక దగ్గర గుడారాల్లో బస దొరుకుతుందనీ, రాత్రికి 1,800 రూపాయలనీ చెప్పాడు. మా ఆవిడ వెంటనే లెక్క తీసింది. 2025-26లో ఏ గ్రేడు ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు కడితే 1,792. "ఒక బస్తా ధాన్యం పోసి ఇసుకలో పడుకోవాలా? మన కళ్లంలో ఊరికే పడుకోవచ్చు కదండీ!" అంది. ఆమె మాటలో తప్పేముంది? అయినా వెళ్లాం. వరి అయిపోయింది, పైర మినుము పూత మీద ఉంది, రెండు రోజులు తమ్ముడు చూస్తానన్నాడు. ఆ వారం దాటితే మళ్లీ తీరదు.

తెనాలిలో రైలెక్కి సుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటి బాపట్లలో దిగాం. దిగేముందు తెనాలిలో కట్టించుకున్న బెల్లం జిలేబీ అప్పికట్ల వచ్చేసరికే సగం అయిపోయింది. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో. సరుగుడు తోట అంచున వరసగా గుడారాలు, లోపల పరుపు, ఒక బల్బు, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మా ఆవిడ గుడారం చుట్టూ ఒకసారి తిరిగి, తాళ్లు లాగి చూసి, "మన పరజాలు కప్పిన కుప్ప కంటే గట్టిగానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

సాయంత్రం సముద్రం దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. అది నేను వర్ణించలేను, వదిలేస్తున్నాను. అసలు సంగతి రాత్రి భోజనం దగ్గర మొదలైంది.

పక్కనే ఉన్న హోటల్లో (పేరు అనవసరం) కార్డు తెచ్చి ఇచ్చారు. ఫ్రైడ్ రైస్, నూడిల్స్, గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా. చేపల పులుసు ఉందా అంటే ఆర్డరు ముందే చెప్పాలన్నారు. రొయ్యలు ఉన్నాయి గానీ కార్న్‌ఫ్లోర్‌లో ముంచి ఎర్రరంగు వేసినవి. మామూలు అన్నం అడిగితే గిన్నెడు తెచ్చాడు కుర్రాడు. ఏ బియ్యం బాబూ అంటే "మంచి బియ్యమే సార్, విజయవాడ నుంచి వస్తాయి" అన్నాడు.

నేను కూర్చున్న కుర్చీకి పది కిలోమీటర్ల దూరంలో 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉంది. దేశమంతా తింటున్న సాంబ మసూరి, మనం బీపీటీ 5204 అని పిలుచుకునే సన్నాలు, ఆ బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలయ్యాయి. పేరులోని బీపీటీ అంటేనే బాపట్ల. ఆ రకం పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో అన్నం వడ్డించే కుర్రాడికి ఆ ముక్క తెలియదు. తప్పు అతనిది కాదు, ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లం మనం కూడా చెప్పుకోలేదు. మనది బస్తాల్లో మిల్లుకు పోయాక మనం దాని మొహం చూడం.

మా ఆవిడ రెండు ముద్దలు తిని లేచింది. కాపలా అతను జాలిపడి, పల్లెలో ఒకామె అడిగితే వండి పెడుతుందని దారి చూపించాడు. ఆమె భర్త వేటకు పోతాడు, ఆమె గంపలో చేపలు అమ్ముకుని వచ్చి సాయంత్రం పొయ్యి ముట్టిస్తుంది. ఆ రాత్రి మాకు పెట్టింది కానాగంతల పులుసు, వంకాయలో ఎండు నెత్తళ్లు, పచ్చి ఉల్లిపాయ. పులుసులో మామిడికాయ వేసింది. చేప ముల్లు తీస్తూ మా ఆవిడ ఇంకో రెండు గరిటెలు అన్నం పెట్టించుకుంది. మనిషికి 120 రూపాయలు తీసుకుంది. మిగిలిన పులుసు పొద్దున చద్దన్నంలోకి పెడతాను రమ్మంది. పొద్దున ఇంకా బాగుంది. రాత్రి పులుసు పొద్దునకి ముక్కకు పట్టిన రుచి ఏ హోటలు కార్డులో ఉంటుంది చెప్పండి!

ఇద్దరాడవాళ్లు పొయ్యి దగ్గర కూర్చుని లెక్కలు మాట్లాడుకున్నారు. కట్టెలు ఎంత, నూనె ఎంత, నెలలో ఎన్నిసార్లు ఇలా అడుగుతారు. శని, ఆదివారాలు తప్ప ఎవరూ రారట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు పడవ ఒడ్డెక్కితే ఈ నాలుగు భోజనాలే ఆధారమట. "ఆ గుడారాల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా?" అని మా ఆవిడ అడిగింది. "ఒడ్డునే పుట్టాం వదినా, ఒడ్డున కూర్చునే తీరిక ఎప్పుడు దొరికింది?" అంది ఆమె.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. సూర్యలంకకు జనం రావడం ఏటేటా పెరుగుతోంది. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో దాన్ని చేర్చింది. రోడ్లు, దీపాలు, బల్లలు వస్తాయి, మంచిదే. కానీ వచ్చిన మనిషి ఖర్చు పెట్టే డబ్బులో మన రైతుకు, మన పల్లెకు చేరేది ఎంత? గుడారం అద్దె తోట యజమానికి పోయింది. ఆయన ఉండేది పట్నంలో. ఆ చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరువు తవ్వి, బిందెలతో నీళ్లు మోసి ఆకుకూరలు, వేరుశనగ పండించేవాళ్లు ఉన్నారు. వాళ్ల కూర బాపట్ల మార్కెట్టుకు పోయి, అక్కడ ఒక చెయ్యి మారి తిరిగి అదే దారిన హోటలుకొస్తుంది.

రొయ్య సంగతి ఇంకా ఘోరం. రేపల్లె, నిజాంపట్నం చెరువుల్లో పండేది పడవలెక్కి అమెరికా పోవాల్సిందే అని మనకు అలవాటైపోయింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే చెరువు గట్టున ధర పడింది. వైట్ స్పాట్ తెగులు వచ్చి 1994, 95లో టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆస్తులు అమ్ముకున్నవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. ఇంత పండించే ప్రాంతంలో, సముద్రానికి అరకిలోమీటరులో, చక్కగా ఇగురు పెట్టిన రొయ్య దొరకదంటే దాన్నేమనాలి? పక్కింటివాడికి తినిపించలేని సరుకును పదివేల మైళ్ల అవతలివాడి దయమీద పెట్టాం.

ఇతర దేశాల్లో దీనికి దారి వేసుకున్నారు. ఇటలీలో 1985లోనే చట్టం చేశారు, రైతు తన ఇంట్లో అతిథిని ఉంచుకుని తన పంటే వండి పెట్టొచ్చు, అయితే వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, బస దానికి తోడు మాత్రమే. మన దేశంలో మహారాష్ట్రలో బారామతి ప్రాంతం ఇలాంటి పనికి పేరు తెచ్చుకుంది, 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికో విధానమే ప్రకటించింది. మన దగ్గర మాట వినపడుతుంది గానీ, సన్నకారు రైతు గడప దాకా రాలేదు.

అయితే రైతు సోదరులు ఈ రాత చూసి గుడారాలు కొనడానికి అప్పు చెయ్యొద్దు. గట్టిగా చెబుతున్నాను. ఏడాదిలో జనం వచ్చే రోజులు తక్కువ. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్ల కాలం. సముద్రం అంచున పక్కా కట్టడాలకు సీఆర్‌జెడ్ నిబంధనలు ఒప్పుకోవు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, పెద్ద దీపాలు వేస్తే పిల్లలు దారి తప్పుతాయి. పైగా మన డెల్టాలో దున్నేవాడు ఎక్కువమంది కౌలుదారే. 2019లో కౌలు రైతులకు పంట సాగు హక్కుల చట్టం వచ్చింది, అది పంట వరకే. పొలంలో గుడారం వేసి నాలుగు డబ్బులు వస్తున్నాయంటే కౌలు పెంచమనేవాడు మొదట భూస్వామి.

కాబట్టి నేను అనేది గుడారం గురించి కాదు, పళ్లెం గురించి. దానికి పెట్టుబడి ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక బోర్డు. ఆ పల్లెలో అయిదారు కుటుంబాలు వంతులు వేసుకుని వండితే, ఆహార భద్రత శాఖ దగ్గర రిజిస్ట్రేషను చేయించుకుంటే చాలు. బోర్డు మీద "బాపట్ల సన్నాల అన్నం, నిజాంపట్నం చేప, ఇసుక నేల తోటకూర" అని రాయండి. ధర కూడా రాయండి. లోపలి ఊళ్లలో ఉన్న మాబోటి వాళ్ల దగ్గరికి సరదా జనం రారు, ఆ భ్రమ నాకు లేదు. కానీ ఆ పొయ్యిలకు బియ్యం, మినప్పప్పు, కొల్లిపర లంకల కంద, అరటి, తెనాలి నిమ్మకాయ, సంక్రాంతికి తేగలు మనం నేరుగా ఇవ్వొచ్చు. పది బస్తాలు మర పట్టించి అక్కడికి చేర్చినా దళారీ చేతిలో పడేదానికంటే నాలుగు రూపాయలు మిగులుతాయి.

ఇదంతా తిరుగు రైల్లో మా ఆవిడకు చెప్పాను, కాస్త గొప్పగానే. ఆమె విని, "అంతా బాగుంది గానీ వండేదెవరు? గంప మోసొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చునేది ఆవిడేగా. ఆ డబ్బులు ఎవరి చేతిలో పడతాయో అది కూడా రాయండి" అంది.

నిజంగానే నాకు తట్టలేదు. రాస్తున్నాను. ఆ డబ్బు వండినామె ఖాతాలోనే పడాలి. డ్వాక్రా సంఘాల్లో ఆడవాళ్లకు ఖాతాలు ఎప్పటినుంచో ఉన్నాయి, కొత్తగా తెరవాల్సిన పని లేదు. నీళ్లు మోయడం, గిన్నెలు కడగడం, చేపలు శుభ్రం చేయడం మగవాళ్లు చెయ్యాలి. వేట లేని రెండు నెలలు వాళ్లు ఖాళీగానే ఉంటారు కదా. ఇది ఒప్పుకోని ఇంట్లో ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు, ఉన్న చాకిరీకి ఇంకో చాకిరీ కలిసినట్టు అవుతుంది.

ఇంకో మాట. చిన్న రైతు ఆలుమగలకు ఏడాదికి రెండు రోజులు సెలవు ఉండాలని నేను అంటే మా ఊళ్లో నవ్వారు. పాడి ఉన్నవాళ్లకు కుదరదు, నాకు తెలుసు. గేదెను ఎవరు పిండుతారు? కానీ అన్నదమ్ములు, ఇరుగుపొరుగు చేబదులు సాయం చేసుకున్నట్టే ఈ రెండు రోజులూ బదులు చూసుకోవచ్చు. మాఘంలో మేం వెళ్లాం, ఉగాది దాటాక మా తమ్ముడూ మరదలూ వెళతారు, వాళ్ల గేదె మా పాకలో ఉంటుంది.

రైలు తెనాలి చేరుతుండగా తమ్ముడి ఫోను వచ్చింది, మినుములో మచ్చల పురుగు కనపడుతోందని. ఇంటికెళ్లి సంచి దించి అటే పొలానికి పోయాం. సంచిలో ఆ పల్లెలో కొన్న రెండు కిలోల ఎండు నెత్తళ్లు ఉన్నాయి. వచ్చే ఏడు ధాన్యం తోలేటప్పుడు ఒక బస్తా ముందే పక్కన పెట్టమని మా ఆవిడ ఇప్పుడే చెప్పింది. అద్దె పెరిగితే బస్తాన్నర.