మందుల చీటీకి బీమా ఏదీ?

2007లో రెండు లక్షల రూపాయల పరిమితితో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలబెట్టింది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు మాత్రం పరిమితి పెంచడంలోనే పోటీపడ్డాయి. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని పది లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలు చేసింది. పాతిక లక్షల వైద్యం ఏ కొద్ది కుటుంబాలకో అవసరపడుతుంది. బీపీ, షుగరు మాత్రలు నెలనెలా కొనుక్కునే ఇళ్లు వీధివీధినా ఉన్నాయి.

ఆ మాత్రలకు, రక్తపరీక్షలకు, ఓపీ ఫీజుకు ఆరోగ్యశ్రీ కార్డు దాదాపు అక్కరకు రాదు. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం సొంతంగా పెట్టుకున్నది 2021-22లో 39.4 శాతమని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అందులో మందులదే పెద్ద వాటా. డబ్బు చాలనివాళ్లు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటారు, కొన్నాళ్లకు మానేస్తారు. షుగరు ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాక డయాలసిస్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ముందే మందులిచ్చి ఉంటే ఆ మనిషి కూలికో పొలానికో వెళ్తూ ఉండేవాడు. ఇంతకు మించిన అన్యాయం ఏముంటుంది?

ప్రీమియం కట్టే మధ్యతరగతికీ పూర్తి భరోసా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ ఎత్తేయడం మంచి పనే. కానీ గది అద్దె మెలిక అలాగే ఉంది. పాలసీ రోజుకు 5,000 ఇస్తానంటే, రోగి 10,000 గదిలో చేరితే, కోత గది అద్దెతో ఆగదు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు చార్జీలు కూడా సగానికి తగ్గిపోతాయి. డిశ్చార్జి రోజున బిల్లు చేతికొచ్చాకే ఈ సంగతి చాలామందికి తెలుస్తుంది. ఈ నిబంధనను బీమా నియంత్రణ సంస్థ రద్దు చేయాలి.

ఇక బకాయిలు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆస్పత్రులు ప్రభుత్వం నుంచి బిల్లులు రాలేదని ఆరోగ్యశ్రీ తరహా పథకాల సేవలు నిలిపేశాయి. ఉన్న బిల్లులే సకాలంలో చెల్లించలేనప్పుడు పాతిక లక్షల హామీకి విలువెక్కడిది?

2025 నాటికి ప్రజారోగ్యంపై జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాటిచ్చింది. ఆ గడువు దాటిపోయింది, మాట నెరవేరలేదు. వచ్చే బడ్జెట్లలో ఉభయ రాష్ట్రాలూ పరిమితి జోలికి పోకుండా, ముందు ఆస్పత్రుల బాకీలు తీర్చాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మందులు, పరీక్షలు ఏడాది పొడవునా ఉచితంగా దొరికేలా నిధులివ్వాలి.