హైడ్రోజన్‌కు గాదె ఏదీ?

హైడ్రోజన్‌ను ఉత్పత్తి చేయడం ఒక ఎత్తు, నిల్వ చేయడం మరో ఎత్తు. మన ప్రభుత్వ దృష్టి మొదటిదానిపైనే కేంద్రీకృతమైంది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ వ్యయం 19,744 కోట్ల రూపాయలు. అందులో ఉత్పత్తికి, ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలు 17,490 కోట్లు కాగా, పరిశోధనకు దక్కింది 400 కోట్లే.

నిల్వ సమస్య చిన్నదేమీ కాదు. కిలో హైడ్రోజన్‌లోని శక్తి కిలో పెట్రోలులోని శక్తికి దాదాపు మూడు రెట్లు. కానీ సాధారణ పీడనంలో ఆ కిలో వాయువు 11 వేల లీటర్లకు పైగా స్థలాన్ని ఆక్రమిస్తుంది. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. కారు ట్యాంకులో ఇమడ్చాలంటే వాతావరణ పీడనానికి సుమారు 700 రెట్ల ఒత్తిడి కావాలి. రెండూ ఖర్చుతో కూడినవే.

జోర్డాన్‌లో పాలస్తీనా శరణార్థుల కుటుంబంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ మరో మార్గం చూపారు. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో అనుసంధానించి, లోపలంతా సూక్ష్మ రంధ్రాలుండే స్ఫటికాలను ఆయన రూపొందించారు. 1999లో వెల్లడించిన 'మాఫ్-5' అనే పదార్థం రెండు గ్రాములుంటే దాని లోపలి ఉపరితలం ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుంది. అది హైడ్రోజన్‌ను పట్టి ఉంచగలదని 2003లో ఆయన బృందం ప్రకటించింది. ఈ తరహా పదార్థాలపై కృషికి సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్‌లతో కలిసి యాఘీ 2025లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

అయినా సమస్య తీరలేదు. మైనస్ 196 డిగ్రీల చలిలో వాయువును బాగా పట్టి ఉంచే మాఫ్-5, గది ఉష్ణోగ్రత వద్ద పట్టు సడలిస్తుంది. మెగ్నీషియం హైడ్రైడ్‌ది ఇందుకు విరుద్ధమైన తీరు. దాని బరువులో 7.6 శాతం హైడ్రోజనే. దాన్ని వదిలించడానికి మాత్రం దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి. ఈ రెంటికీ మధ్యస్థమైన పదార్థం కోసమే ప్రస్తుత అన్వేషణ.

ఈ రంగం భారతీయులకు కొత్త కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో దివంగత ఆచార్య ఓంకార్‌నాథ్ శ్రీవాస్తవ బృందం లోహ హైడ్రైడ్లలో నిల్వ చేసిన హైడ్రోజన్‌తో మోటారు సైకిళ్లు నడిపి చూపింది. కొరవడినది ప్రతిభ కాదు, నిలకడైన ఆర్థిక సహాయం.

ఎరువుల కర్మాగారాలు, చమురు శుద్ధి కేంద్రాలు హైడ్రోజన్‌ను తయారైన చోటే వాడుకుంటాయి గనుక నిల్వకు తొందరేమీ లేదన్న వాదన ఉంది. అది కొంతవరకు నిజమే. కానీ బస్సులకు, లారీలకు ఆ సౌలభ్యం లేదు. ప్రోత్సాహకాలకు వంద రూపాయలిచ్చే చోట పరిశోధనకు రెండు రూపాయల పైచిలుకు విదిలిస్తే, రేపు నిల్వ పరిజ్ఞానాన్ని విదేశాల నుంచి కొనక తప్పదు. పంట చేతికి రాకముందే గాదె సిద్ధం చేసుకోవాలని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రభుత్వానికి మాత్రం చెప్పవలసి వస్తోంది.