పులిరాజా సరే, 72 గంటల సంగతి?

2000ల మొదట్లో "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని హోర్డింగులు ఉండేవి, గుర్తుందా? మనవాళ్ళకి ఆ జోకు గుర్తుంది గానీ కండోమ్ చిరిగితే ఏం చెయ్యాలో తెలీదు. శనివారం రాత్రి చిరిగితే వారమంతా గూగుల్లో జ్వరం, దద్దుర్లు అని వెతుకుతారు. నాకైతే లాగ్ చూడకుండా బగ్గు ఊహించినట్టుంటుంది. లక్షణాల్ని బట్టి ఎవరూ తేల్చలేరండీ! ముందు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ఆయన అవసరమనుకుంటే పెప్ మందులు 72 గంటల్లోపే మొదలెట్టి 28 రోజులు వాడాలి. అంటే మంగళవారం రాత్రి దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. మర్నాడే చేయించిన టెస్టు నెగటివ్ వచ్చినా ఆ రాత్రి గురించి ఏమీ చెప్పదు, మూడు నెలలకి మళ్ళీ చేయించాలి. ఆఫీసులో తెలిసిపోతుందని భయమా? ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో టెస్టు ఉచితం, 2017 చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యం. అదీ మొహమాటమైతే 1097కి ఫోన్ కొట్టండి.