ఏ సినిమాలోది?

పోయిన మే నెలలో, మా ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజున జరిగింది ఈ సంగతి. మా మైలవరం వైపు మామిడికాయకి కరువు లేదు. మా వారు పొద్దున్నే కాయలు కొట్టించి తెచ్చి వరండాలో కుమ్మరించి, తన వంతు అయిపోయినట్టు పేపరు పట్టుకు కూర్చున్నారు. జీడి తీసి, పొర వొలిచి, ముక్కలు గుడ్డతో తుడిచే పనికి నేనూ, ఎదురింటి వదినగారూ, సెలవలకొచ్చిన మా అక్క కూతురూ కూర్చున్నాం. పిల్ల తన సెల్ ఫోను తెచ్చి ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టింది. అలా పెడితే పాట పెద్దగా వినిపిస్తుందిట!

ముందు గిటారు మోగింది. తర్వాత డ్రమ్ములు. ఆ తర్వాత ఒక కుర్రాడి గొంతు. తెలుగే! బస్టాండులో, టీకొట్టు దగ్గర మనం రోజూ వినే తెలుగు. నా చేతిలో ముక్క చేతిలోనే వుండిపోయింది.

"ఏ సినిమాలోదమ్మాయ్?" అన్నారు వదినగారు.

"సినిమాలోది కాదండీ. చౌరస్తా అని హైదరాబాదు బ్యాండ్. వాళ్ళే రాసుకుని, వాళ్ళే బాణీ కట్టుకుని పాడిన పాట."

"ఓహో, ఉత్తదేనా!" అనేసి ఆవిడ ముక్క తుడుచుకోసాగారు. అంతటితో ఊరుకుంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. నా వైపు తిరిగి, "మీరేమిటండీ, చిన్నపిల్లలా తలూపుతున్నారు! మన వయసుకి ఇవేం పాటలు?" అన్నారు.

ఒక్క నిమిషంలో రెండు తీర్పులు! సినిమాలోది కాకపోతే ఆ పాట ఉత్తది. నలభై దాటాక కొత్త పాటకి తలూపితే ఆ ఆడది తిక్కది. వదినగారు చెడ్డ మనిషేం కాదు. మన ఇళ్ళలో అందరూ అనే మాటే ఆవిడా అన్నారు. నా బాధ అదే.

మొదటి తీర్పు సంగతి చూద్దాం. ఏ పేరంటానికన్నా వెళ్ళండి. కొత్తావిడ కనిపిస్తే మనం మొట్టమొదట అడిగేదేమిటి? "మీ వారేం చేస్తారండీ?" ఆవిడ ఎమ్మే చదివిందా, వీణ వాయిస్తుందా, ఇల్లు ఒంటిచేత్తో నెట్టుకొచ్చిందా... అవన్నీ తర్వాత. ముందు వెనకాల ఒక మొగుడి పేరుండాలి. పాటనీ సరిగ్గా అలాగే అడుగుతున్నాం. "ఏ సినిమాలోది?" అంటే "నీ వెనకాల హీరో ఎవరు?" అని. హీరో లేడంటే "అయ్యో పాపం, ఉత్తదేనా!" ఆ ప్రశ్నతో జన్మంతా విసిగిపోయిన మనమే మళ్ళీ అదే ప్రశ్న పాటనెందుకు అడగాలి?

సినిమా పాట మీద నాకు పగ లేదు. బాలు గారూ, చిత్ర గారూ పాడిన క్యాసెట్లు అరగదీసినదాన్నే. కానీ సినిమా పాటకి ఒక ఉద్యోగం వుంటుంది. హీరో గారు విదేశంలో గంతులెయ్యాలి, హీరోయిన్ గారు అలగాలి. ఆ ఉద్యోగంలో ఇమడని సంగతులు మన బతుకుల్లో బోలెడున్నాయి. నెలాఖరు, అద్దె ఇల్లు, ఊరొదిలిన దిగులు, ఉద్యోగం రాని కుర్రాడి బెంగ... వీటికి పాట వద్దా?

పైగా మనకిది కొత్తా? మా అమ్మ దగ్గర ఒక నోటుబుక్కు వుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు వంటి పెద్దలు రేడియో కోసం పాటలు రాశారు. లలిత సంగీతం అన్నారు వాటిని. 'ఈ మాసపు పాట' అని నెలకొక పాట వినిపించేవారు. మా అమ్మ పెళ్ళి కాకముందు, పొయ్యి మీద పాలు ఓ కంట కనిపెడుతూ, పెన్సిలుతో ఆ పాటలు రాసుకునేది. అందని మాట దగ్గర చుక్కలు పెట్టి, మళ్ళీ పాట వచ్చినప్పుడు పూర్తిచేసేది. కొన్ని చుక్కలు ఇప్పటికీ చుక్కలుగానే వున్నాయి. ఆ నోటుబుక్కులో వెతికితే ఒక్క సినిమా పాట లేదు! ఇంకా వెనక్కి వెళితే 1940లలో సాలూరి రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారు పాడిన ప్రైవేటు పాటల రికార్డుల కోసం జనం ఎగబడ్డారు. ప్రైవేటు పాట అంటే అప్పుడు చిన్నతనం కాదు.

ఇవాళ పిల్లలు 'ఇండీ' అంటున్నది కూడా ఆ ప్రైవేటు పాటనే. ఇండిపెండెంటు అనే మాట తోక కత్తిరిస్తే ఇండీ అయింది. 1977లో ఇంగ్లండులో, మాంచెస్టరుకి చెందిన బజ్‌కాక్స్ అనే కుర్రాళ్ళు పెద్ద కంపెనీల గుమ్మం తొక్కకుండా, అయినవాళ్ళ దగ్గర 500 పౌండ్లు అప్పుచేసి తమ రికార్డు తామే వేసుకున్నారు. వాళ్ళని చూసి ఎంతమందికో ధైర్యం వచ్చింది. అప్పు చేసి సొంత పుస్తకం అచ్చేసుకుని, కట్టలు మంచం కింద దాచుకునే తెలుగు రచయితలకి ఈ కథేమన్నా కొత్తగా వుందా?

"సరేనమ్మా, ప్రైవేటు పాట ఒప్పుకున్నాం. ఆ రాకు గోలేమిటి?" అంటారు. రాక్ అనగానే జుట్టు విరబోసుకుని అరిచే మగపిల్లలే మన కళ్ళ ముందుకొస్తారు. కానీ ఆ సంగీతానికి దారి వేసిన వాళ్ళలో ఒకావిడ వుంది. పేరు సిస్టర్ రొసెట్టా థార్ప్. అమెరికాలో 1915లో పుట్టిన నల్లజాతి స్త్రీ. చర్చిలో దేవుడి పాటలు పాడుతూ పెరిగింది. ఎలక్ట్రిక్ గిటారు మెళ్ళో వేసుకుని ఆ దేవుడి పాటలే హోరెత్తించింది. భజన చేసే మనిషే, కాకపోతే చేతిలో చిడతల బదులు గిటారు! ఆవిడ 1973లో పోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడ పేరు చేర్చింది 2018లో. అంటే పోయిన 45 ఏళ్ళకి. ఆడదాని కష్టం గుర్తుకు రావడానికి అక్కడైనా ఇక్కడైనా అంత కాలం పడుతుంది కాబోలు.

ఇక గోల అనే మాట. మా ఊరి కథే చెబుతాను. మైలవరం జమీందార్లు బాలభారతి నాటక సమాజం పెట్టి బెజవాడలో నాటకాలాడించారు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలకి జనం వెర్రెత్తిపోయారు. ఆ పద్యాలకి తోడు హార్మోనియం. అదీ సముద్రం దాటొచ్చిన పెట్టే! 1940లో ఆకాశవాణి ఆ పెట్టె మన సంగీతానికి పనికిరాదని బహిష్కరించింది. 1971 దాకా ఆ నిషేధం సడలనేలేదు. ఇప్పుడు హార్మోనియం లేని భజన ఊహించండి! సినిమా పాటకి మాత్రం పుడుతూనే పీట వేశారా? 1952లో మంత్రి అయిన కేస్కర్ గారి హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట నోరు దాదాపు మూయించారు. జనమంతా రేడియో సిలోను వైపు తిరిగారు. చివరికి 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. అంటే వదినగారూ, మీరు నెత్తిన పెట్టుకున్న సినిమా పాట కూడా ఒకప్పుడు 'ఉత్తదే'!

పాలకొల్లు పిల్లాడు మాండలిన్ శ్రీనివాస్ కరెంటు తీగ తగిలించిన మాండలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తానంటే మొదట్లో ముక్కు విరిచిన వాళ్ళున్నారు. తర్వాత వాళ్ళ పిల్లలే ఆయన కచేరీలకి టిక్కెట్లు కొన్నారు. బెంగుళూరులో అగం అనే రాక్ బ్యాండ్ వుంది. వాళ్ళు 'బంటురీతి కొలువు' కృతిని గిటార్లతో, డ్రమ్ములతో పాడారు. నేనది మొదట విన్నది విజయవాడ నుంచి వస్తూ, జి.కొండూరు దాటాక, ఆర్టీసీ బస్సులో. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ పిల్ల తన ఇయర్ ఫోనులో ఒకటి తీసి, "వింటారా ఆంటీ?" అని నా చెవికిచ్చింది. హంసనాదం అలాగే వుంది. నేనే కొంచెం మారాను.

అలాగని కొత్తదల్లా బంగారమని నేననడం లేదు. చాలా పాటలు నాకు తలనొప్పి తెప్పించాయి. కొందరు పిల్లలు తెలుగుని ఇంగ్లీషు పంటితో కొరికి వదులుతారు. ఒక హెవీ మెటల్ పాట పెట్టుకుంటే కుక్కరు కూతలు వినపడక పప్పు మాడింది! అయితేనేం? సినిమా పాటలు మాత్రం అన్నీ అమృతమా? చెత్త ఏరి పారేసే పని బియ్యంలోనైనా తప్పదు. అంతమాత్రాన అన్నం మానేస్తామా?

రెండో తీర్పు 'మన వయసు'. పదహారుకి ప్రేమ పాటలు, పాతికకి మంగళహారతులు, ముప్ఫైకి జోలపాటలు, నలభై దాటితే సుప్రభాతం! మనకి పాటలు కూడా రేషను కార్డు మీద ఇస్తారా? మా వారు యాభై దాటాక కొత్త ఫోను కొంటే "కాలంతో నడుస్తున్నారు" అన్నారందరూ. నేను కొత్త పాట వింటే "వయసు మర్చిపోయింది" అంటున్నారు. కాలం మగవాళ్ళతోనే నడుస్తుందేమో మరి!

ఇందులో ఏం మునిగిపోయిందని అడుగుతారు. చెబుతాను. మా అక్క కూతురు పాడుతుంది. కాలేజీలో మరో ముగ్గురితో కలిసి నాలుగు పాటలు కట్టింది. ఒక పాట హాస్టలు నుంచి ఇంటికి ఫోను చేసి, బావున్నానని అబద్ధం చెప్పే అమ్మాయి గురించి. ఆవకాయ రోజు సాయంత్రం నాకు వినిపించింది. కళ్ళు తుడుచుకుని నేనన్న మొదటి మాటేమిటో తెలుసా? "సినిమాల్లో ప్రయత్నించకూడదుటే?" పిల్ల మొహం చిన్నబోయింది. పొద్దున్న వదినగారి మీద కోప్పడ్డ పెద్దమనిషిని నేనే!

ఆ మర్నాడు మా అక్క ఫోను చేసింది. "దానికి సంబంధాలు చూస్తున్నామే. గిటారు పట్టుకున్న ఫోటోలు తీసెయ్యమని చెప్పు. నువ్వు చెబితే వింటుంది" అంది. చెప్పనన్నాను. రెండు నెలలు మా మధ్య మాటల్లేవు.

మా అక్క భయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. 2013లో శ్రీనగరులో 'ప్రగాష్' అనే రాక్ బృందంలోని ముగ్గురు బడి పిల్లల్ని బెదిరింపులతో, ఫత్వాతో నోరు మూయించారు. ఆ ఆడపిల్లలు గిటార్లు కింద పెట్టేశారు. అది చదివి మనం అయ్యో అనుకున్నాం. మన ఇళ్ళలో ఫత్వాలుండవు. "సంబంధం వాళ్ళు చూస్తారమ్మా" అని మెల్లిగా, ప్రేమగా చెబుతాం. పని మాత్రం అదే జరుగుతుంది. మా అమ్మ నోటుబుక్కులో ఆఖరి పాట సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా వున్నాయి. ఆ నెలలోనే ఆవిడ పెళ్ళి.

చౌరస్తా సంగతే చూడండి. 2020లో కరోనా వచ్చినప్పుడు జాగ్రత్తలు చెబుతూ వాళ్ళు చేసిన పాట ఫోనుల్లో ఊరూరా తిరిగింది. అయినా వాళ్ళలో పాడిన రామ్ మిరియాల పేరు మన ఇళ్ళలో తెలిసింది 2021లో జాతిరత్నాలు సినిమాలో పాడాకే. అదే గొంతు. తేడా ఎక్కడుంది? మన చెవిలో.

మొన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళి, పిల్ల పాట వినిపించాను. ఎవరు పాడారో చెప్పలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "రచన ఎవరే?" అంది. రేడియో వాళ్ళు నేర్పిన అలవాటు. పాటకి ముందు రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెప్పేవారుగా! ఏ సినిమా అని అడగాలని ఆవిడకి తోచనేలేదు.

వదినగారూ, ఆ రోజు ఆవకాయ దగ్గర గొడవెందుకని ఊరుకున్నాను. ఇప్పుడంటున్నాను. వారానికొక్క కొత్త పాట, సినిమాలోది కానిది, చివరిదాకా వినండి. నచ్చకపోతే నిక్షేపంగా తిట్టండి, మీతో పాటు నేనూ తిడతాను. కానీ మీ ఇంట్లో పిల్ల ఏదన్నా పాడితే మాత్రం "ఏ సినిమాలోది?" అని అడక్కండి. "ఎవరు రాశారే?" అని అడగండి. "నేనే" అంటుందేమో!