టిక్‌టిక్ ఆగితే లీకు ఆగినట్టేనా?

మా అచ్చంపేటలో నాకు తెలిసిన ఒకాయనకు పాత అంబాసిడర్ పెట్రోలు కారుంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా ఆయనకు దానిమీద మమకారం పోలేదు. పొద్దున్నే రేకుల షెడ్డులో స్టార్టు చేయగానే బానెట్ కింద టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అడిగితే "వేడెక్కితే అదే పోతుంది మాస్టారూ" అంటారు. నిజమే, పది నిమిషాల్లో పోతుంది. ఈలోగా మనవళ్లు సంచులతో వెనక సీట్లో కూర్చుని ఉంటారు. నా భయమంతా ఆ పది నిమిషాల గురించే.

నాలుగు సిలిండర్ల పొగనూ కూడగట్టి సైలెన్సరు వైపు పంపే పోత ఇనుప భాగం పేరు మానిఫోల్డు. అది సిలిండర్ హెడ్డుకు నట్లతో బిగించి ఉంటుంది. నడుమ గాస్కెట్ అనే పలుచని పొర. ఇప్పుడు మీ భౌతికశాస్త్రం బయటికి తీయండి. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి పోత ఇనుము తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 11 వంతులు పెరుగుతుంది. మానిఫోల్డు పొడవు 40 సెంటీమీటర్లు, పెరిగిన వేడి 400 డిగ్రీలు అనుకుంటే, సాగుదల సుమారు 1.8 మిల్లీమీటర్లు. నీటితో చల్లబడే హెడ్డు అంతగా సాగదు. రోజూ ఈ లాగులాటలో గాస్కెట్ నలుగుతుంది, నట్లు వదులవుతాయి, మానిఫోల్డు వంకరపోతుంది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుంటుంది. వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. శబ్దం పోయింది గాని జబ్బు పోలేదు!

చల్లని ఇంజనుకు చోక్ లాగుతాం కదా? అప్పుడు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. అది పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. అంటే సందు తెరుచుకుని ఉన్న వేళే విషం ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆపైన ప్రాణాపాయం.

కొందరు తాడు చుట్టి, ముద్ద అంటించి పంపేస్తారు. దాన్ని మరమ్మతు అనటానికి నాకు మనసొప్పదు. ఆ వేడికి ముద్ద నిలవదు. నట్లనే ఇంకా బిగిస్తే తుప్పు పట్టిన స్టడ్డు విరుగుతుంది. మసి చార ఎక్కడుందో చూసి లీకు పట్టుకోవాలి. ఇంజను చల్లారాక, తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టి విప్పాలి. అంచుకు ఉక్కు స్కేలు ఆనించి, వెలుతురు కనబడితే లేతుషెడ్డులో ముఖం చదును చేయించాలి. కొత్త గాస్కెట్ వేసి, నట్లను మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూడాలి. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చరాదు. ఇది తెలిసిన మెకానిక్కు పని, మీది కాదు. చెవి ఒగ్గి వినటం మాత్రం మీ పనే.

మా మిత్రుడు ఇప్పటికి ఒక్కదానికి ఒప్పుకున్నారు. కారును షెడ్డు బయటికి తోసి స్టార్టు చేస్తున్నారు, పిల్లలు అరుగుమీద నిలబడుతున్నారు. గాస్కెట్ సంగతి మాత్రం మిరపకాయలు అమ్మాక చూద్దామంటున్నారు.