నిదానమే ప్రధానము

మన భాషయందు “నిదానము” అను మాటకు రెండర్థములు గలవు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. లోకవ్యవహారమున నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఈ రెండర్థములు ఒకే మాటయందు కాపురముండుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని వానిని విడదీయరాదని మా యింటి పాత కారు గడచిన యేట నాకు బోధించినది. తొందరపడువాడు కారణమును గనలేడు. కారణమును గననివాడు చేయు మరమ్మతు ధనవ్యయమే గాని చికిత్స కాదు. ఈ యభిప్రాయమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను పెద్దలకును విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా కారు మారుతి 800. ఈ జాతి కారులలో మొదటిదాని తాళపుచెవిని 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీగారు దానిని కొన్నవాని చేతికిచ్చిరి. 2014వ సంవత్సరము జనవరిలో దీని తయారీ నిలిచిపోయినది. మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్ల యింజను, నలుగురు కూర్చుండుటకు చోటు, ఐదుగురిని మోయుటకు ఓర్పు గల యీ చిన్న బండి, అంతవరకు స్కూటరుపై భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని తిరిగిన యెన్నో కుటుంబములకు మొదటి కారైనది. మాది మా నాన్నగారు 1997లో కొన్నది. వారు గతించిన పిమ్మట అది నా పాలబడినది. దానిని అమ్ముటకు మా అమ్మగారి మనసొప్పలేదు, నాకును ఒప్పలేదు.

గడచిన వర్షకాలమున ఒకనాటి యుదయము తాళము త్రిప్పగా “టక్కు” మను శబ్దము తప్ప మఱేమియు వినరాలేదు. బ్యాటరీ చచ్చినదని నేను క్షణములో తీర్పుచెప్పితిని. మా వీధి చివరనున్న షెడ్డు మేస్త్రీని పిలిచి క్రొత్త బ్యాటరీ వేయించితిని. పది దినములు బండి చక్కగ నడచెను. పదునొకండవ దినమున మరల అదే శబ్దము. అంతట నాకు కోపము వచ్చినది. పాత బ్యాటరీకి క్రొత్త చీటీ అంటించి నన్ను మోసగించితివని నలుగురు వినుచుండగా అతనిని నిందించితిని. “మాస్టరుగారూ, అది కొత్తదేనండీ, నా పిల్లలమీద ఒట్టు” అని అతడు పలికెను. నేను వినలేదు. వేఱొక దుకాణమున రెండవ బ్యాటరీ కొంటిని. వారము తిరుగకమునుపే మరల అదే “టక్కు”.

అప్పటికి గాని నాకు సిగ్గు కలుగలేదు. పిల్లలకు విద్యుచ్ఛాస్త్రము బోధించువాడను. ఇంటిలో మాత్రము పరీక్షింపకయే తీర్పుచెప్పితిని! ప్రయోగశాలనుండి మీటరు తెచ్చి చూచితిని. ఇంజను కదలనపుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపెను, అది సంపూర్ణారోగ్యము. పిదప మీటరు తీగలలో నొకదానిని బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవదానిని ఇంజను లోహమునకును తాకించి, మా అబ్బాయిచే తాళము త్రిప్పించితిని. ఆ రెంటి నడుమ అర వోల్టునకు మించి చూపరాదు. మీటరు మూడు వోల్టులకు పైగా చూపెను. అనగా విద్యుత్తు తిరిగివచ్చు దారి మూసికొనిపోయినది. గేరుబాక్సునుండి బండి చట్రమునకు బోవు ఎర్తు తీగ కొన త్రుప్పుపట్టి, రాగిపోగులు పచ్చబారి, బోల్టు వదులై యున్నది. గరుకుకాగితముతో తోమి, బిగించి, పైన కొంచెము వ్యాసలీను పూసితిని. అరగంట పని. ఆ నాటినుండి నేటివరకు బండి ఒక్క త్రిప్పుతో లేచుచున్నది. బ్యాటరీ మార్చినపుడెల్ల కొన్ని దినములు నడచుటకు కారణము, ఆ పనిలో తీగలు కదలి అతుకు తాత్కాలికముగ కుదురుటయే.

ఇందులో నన్ను మిక్కిలి బాధించినది రెండు బ్యాటరీల వెల కాదు. తాళము త్రిప్పినపుడు ముందు దీపములు ఏమాత్రమును మసకబారక వెలుగుచుండెను. బ్యాటరీ నిస్సత్తువైనచో దీపములు క్రుంగిపోవలెను. ఆ సాక్ష్యము నా కన్నుల యెదుటనే నిలిచి యుండగా నేను నిర్దోషియైన యొక వస్తువును, దానితోబాటు నిర్దోషియైన యొక మనుష్యుని శిక్షించితిని. మఱునాడు షెడ్డునకు బోయి, అక్కడివారందఱు వినునట్లు అతనిని క్షమింపుమని యడిగితిని. అతడు చేతులు తుడుచుకొనుచు, “పోనీండి మాస్టరుగారూ, ఈసారి ముందు లైట్లు చూడండి” అనెను. అంతకంటె మంచి పాఠము నేను ఏ తరగతిలోను చెప్పియుండలేదు.

కావున నా వాదమిది. పాత కారునకు ప్రథమశత్రువు త్రుప్పు కాదు, మన తొందర. ఏ భాగమునైనను విచారించిన పిదపనే దోషియనవలెను. విచారణకు మూడు సూత్రములు చాలును. మొదటిది, కథ నడుగుట: దోషము ఎప్పుడు మొదలైనది? బండి చల్లగా నున్నపుడా, వేడెక్కినపుడా? అంతకుముందు ఎవరైన ఏదైన విప్పిరా? రెండవది, సులభమైనదానిని ముందుగను, ఖరీదైనదానిని చివరను అనుమానించుట. మూడవది, ఒక్కమారు ఒక్క మార్పే చేయుట. నాలుగు భాగములను ఒకేసారి మార్చినవాడు బండిని బాగుచేయగలడేమో గాని, ఏది చెడినదో ఎన్నటికిని ఎఱుగడు.

ఈ సూత్రములు పనిచేయు విధమును కొన్ని సామాన్యదోషములయందు చూపెదను. స్టార్టరు తిరుగుచున్నను ఇంజను అందుకొననిచో, దానికి కావలసినవి మూడే యని తలపవలెను: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ప్లగ్గును విప్పి చూచినచో అది సగము కథ చెప్పును. కొన లేత గోధుమరంగున నున్నచో అంతయు క్షేమము. నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు హెచ్చు, లేదా గాలి వడపోత మూసికొనినది. తడిసియున్నచో పెట్రోలు వచ్చుచున్నది గాని రవ్వ రాలేదు. సున్నమువలె తెల్లబడియున్నచో పెట్రోలు చాలక ఇంజను అతిగా కాగుచున్నది. మూడు ప్లగ్గులలో ఒక్కటి మాత్రమే భిన్నముగ నున్నచో దోషము ఆ యొక్క సిలిండరునందే గలదు. కార్బ్యురేటరును విప్పుట వృథాశ్రమ.

ఇంజను వేడెక్కుట వేసవిలో మన ప్రాంతపు కారుల కందఱకును తెలిసిన జబ్బు. ఊరి నడుమ నిలిచి కదలునపుడు మాత్రము వేడెక్కి, రహదారిపై గాలికి చల్లబడుచున్నచో, అనుమానింపవలసినది ఫ్యాను. దానికి బ్యాటరీనుండి నేరుగా విద్యుత్తునిచ్చి చూడవలెను. తిరిగినచో మోటారు నిర్దోషి. అప్పుడు ఫ్యూజును, ఉష్ణమునుబట్టి పనిచేయు స్విచ్చును చూడవలెను. రహదారిపై వేగముగ బోవునపుడే వేడెక్కుచున్నచో రేడియేటరు పూడియుండవచ్చును. బోరు నీరు పోసిన రేడియేటరు లోపల మన యింటి కాగుబిందెకు పట్టినట్లే సున్నపు పొర పట్టును. కావున శుద్ధజలముతో కలిపిన కూలంటునే పోయవలెను. వేడి తగ్గించుటకని థర్మోస్టాటును తీసి పారవేయుట షెడ్డులలో వాడుకగ నున్నది. అది నిదానము కాదు; జ్వరము కొలుచు గాజుగొట్టమును పగులగొట్టుటవంటిది. దానివలన ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు హెచ్చుగ త్రాగును.

మలుపు తిరుగునపుడు ముందు చక్రముకడ “కటకట” మను శబ్దము వచ్చినచో, ఇరుసు కీలుపైనుండు రబ్బరు తొడుగును చూడవలెను. అది చినిగి, గ్రీజు కాఱిపోయి, దుమ్ము చేరి, కీలు అరుగుచున్నదని యర్థము. తొడుగు చినిగిననాడే మార్చినచో స్వల్పవ్యయము. ఉపేక్షించినచో కీలునే మార్చవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా నిదియే.

ఇటీవలి దోషమొకటి కలదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలునందు నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపుట వ్యాపించినది. పాత కారుల రబ్బరు గొట్టములు అట్టి మిశ్రమమును ఉద్దేశించి చేసినవి కావు. వానిని వంచి, పగుళ్లున్నవేమో అప్పుడప్పుడు చూడవలెను. పెట్రోలు వాసన వచ్చిననాడు బండిని కదల్పరాదు.

బ్రేకుల విషయమున మాత్రము నిదానమనగా ఆలస్యమని యెవ్వరును భ్రమపడరాదు. అడుగుపెట్టిన తొక్కుడుపలక మెత్తగ స్పంజివలె నున్నచో గొట్టములలో గాలి చేరినది. తొక్కిపట్టగా మెల్లమెల్లగ క్రుంగిపోవుచున్నచో ఎక్కడనో కాఱుచున్నది, లేదా మాస్టరు సిలిండరు లోపలి రబ్బరులు అరిగినవి. బండి ఒక ప్రక్కకు లాగుచున్నచో ఒక చక్రపు బ్రేకు పట్టివేసినది, లేదా రెండవది పట్టుట లేదు. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొనును. అందుచేత రెండేండ్లకొకమారు దానిని మార్చవలెను. ఈ గుర్తులలో ఏ యొక్కటి కనబడినను ఆ దినముననే బండిని నిలిపి నిపుణునికి చూపవలెను. కదలని కారు మన పనిని చెఱచును. ఆగని కారు పరుల ప్రాణమును తీయును.

“ఇవన్నియు మనకేల? మేస్త్రీ యుండనే యున్నాడు గదా” యని కొందఱందురు. మేస్త్రీ యొద్దకు బోవలదని నేననను. కాని మనము చేయునదేమి? బండిని అతని ముంగిట వదలి, “సాయంకాలమునకు కావలెను” అని చెప్పి వచ్చెదము. విచారించుటకు వ్యవధి లేనివాడు ఊహించును. ఊహించినవాడు భాగములను మార్చును. పిదప మనము అతనిని దొంగయందుము. రోగి తన బాధను సరిగా చెప్పినపుడు వైద్యుని పని సగము తీఱినట్లే, దోషము ఎప్పుడు ఎట్లు కనబడునో వివరముగ చెప్పు యజమాని మేస్త్రీకి సగము పని చేసిపెట్టినవాడగును. విచారించిన గంటకు కూలి ఇచ్చుటకు మనము వెనుదీయుదుము గాని, అక్కఱలేని భాగమునకు వేల రూపాయలు చెల్లింతుము. ఇది న్యాయము కాదు, లాభమును కాదు.

“పాతదానిని అమ్మి క్రొత్తది కొనరాదా” అని మఱికొందఱందురు. నేలరేకును, చక్రముల నాధారమును త్రుప్పు తినివేసినచో నేనును అట్లే చెప్పుదును. మమకారముకొఱకు మనుష్యులను అపాయమునకు లోబఱుపరాదు. సొంతకారునకు పదునైదేండ్లు నిండిన పిమ్మట పరీక్షచేయించి, అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెనను చట్టము అందులకే గలదు, దానిని విసుగుకొనరాదు. కాని త్రుప్పుపట్టిన తీగకొనకొఱకు బండినే త్యజించుట, తలనొప్పికి తలను తీయించుకొనుటవంటిది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. వేడిగానున్న రేడియేటరు మూతను తెఱవరాదు. కాగిన నీరు ముఖముపైకి ఎగయును. జాకీపై మాత్రమే నిలిచిన బండిక్రింద దూరరాదు. బ్రేకులపై మీ నేర్పును పరీక్షింపరాదు. చూచుటయు, వినుటయు, ప్రశ్నించుటయు, వ్రాసికొనుటయు మీ వయస్సునకు చాలును.

మన పాఠశాలవారికి ఒక విన్నపము. టరుమునకొక్క మధ్యాహ్నమైనను బాలబాలికల నందఱను ఒక పాత కారు చుట్టును నిలువబెట్టి, దాని మూత తెఱచి, మీటరు చేతికిచ్చి, “దోషమెక్కడ?” అని యడుగుడు. పుస్తకమునందలి విద్యుత్తును ఉష్ణమును వారచట ప్రత్యక్షముగ చూతురు. అంతకంటె ముఖ్యముగ, సాక్ష్యము విననిదే తీర్పుచెప్పరాదను నియమము వారికలవడును. పరీక్షలో తప్పిన బాలుని సోమరియని, ఇంట పోయిన వస్తువునకు పనిమనిషియే కారణమని, క్షణములో తీర్పుచెప్పు లోకమిది. అట్టి తీర్పును నేనును ఒకనాడు మా వీధి చివర షెడ్డుముందు చెప్పితిని. మీరు నాకంటె ముందుగ దీపములను చూడుడు.

— ఒక ఉపాధ్యాయుడు